కొత్త నీళ్ళు పండనివ్వండి

విశాఖపట్నంలో ఉంటున్న మా మేనల్లుడు ఇంట్లో పెద్ద అద్దాల తొట్టి పెట్టాడు. సముద్రపు చేపలు పెంచాలని వాడి సరదా. నేను వెళ్ళేసరికి తొట్టి నిండా ఉప్పునీళ్ళున్నాయి, అడుగున ఇసుక, రాళ్ళు ఉన్నాయి, గాలి బుడగలు కొట్టే మోటారు రాత్రింబవళ్ళు తిరుగుతోంది. చేప మాత్రం ఒక్కటీ లేదు.

"ఏరా, చేపలేవీ?" అన్నాను.

"ఇంకా నెల పడుతుంది మావయ్యా. నీళ్ళు పండాలి" అన్నాడు.

ఖాళీ తొట్టిలో రోజూ చిటికెడు మేత వేస్తున్నాడు. రెండు మూడు రోజులకోసారి చిన్న గాజు గొట్టంలో నీళ్ళు తీసి, మందు చుక్కలు వేసి, రంగు చూసి కాగితం మీద రాసుకుంటున్నాడు. నాలుగు చేపల కోసం నెలా నెలన్నర ఆగుతున్నాడు వాడు. ఎకరానికి లక్షల రూపాయలు అప్పు తెచ్చి పోసే మనం, చెరువులో నీళ్ళు పెట్టిన వారం పది రోజులకే పిల్ల వదిలేస్తున్నాం. ఆ రోజు నాకు నవ్వు రాలేదు. తిరిగొచ్చే దారిలో బస్సులో కూర్చుని నేను ఆలోచించిన సంగతులే ఈ వ్యాసం. ఉప్పునీటి రొయ్యల చెరువు ఎకరమో రెండెకరాలో చేసుకునే చిన్న రైతులు దీన్ని కాస్త ఓపికగా చదవాలని కోరుతున్నాను.

నీళ్ళు పండటం అంటే ఏమిటి?

వరి, మొక్కజొన్న వేసే రైతుకు యూరియా సంగతి కొత్త కాదు. మెట్ట చేలో యూరియా వేస్తే అది ముందు అమ్మోనియాగా మారుతుంది. ఆ అమ్మోనియాను నేలలోని ఒక జాతి బాక్టీరియా నైట్రైటుగా, మరో జాతి ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్, నైట్రోస్పైరా అనే పేర్లు ఈ కుటుంబాలవే. 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త వీటిని విడదీసి చూపించాడు. ఇలాంటివే నీళ్ళలోనూ ఉంటాయి, ఉప్పునీళ్ళలోనూ ఉంటాయి.

చేపయినా రొయ్యయినా తిన్న మేతలోని మాంసకృత్తుల్లో కొంత ఒంటికి పట్టించుకుని, మిగతాది అమ్మోనియాగా నీళ్ళలోకి వదులుతుంది. అమ్మోనియా విషం. దాని తరువాత వచ్చే నైట్రైటు కూడా విషమే, ఉప్పు తక్కువగా ఉన్న నీళ్ళలో మరీను. చివర వచ్చే నైట్రేటు వల్ల అంత బాధ లేదు. కొత్త తొట్టిలో ఈ పని చేసే బాక్టీరియా బలగం ఉండదు. చిటికెడు మేత వేస్తూ పోతే ముందు అమ్మోనియా పెరుగుతుంది. కొన్నాళ్ళకు అది తగ్గి నైట్రైటు పెరుగుతుంది. ఇంకొన్నాళ్ళకు నైట్రైటు కూడా పడిపోతుంది. ఈ రెండూ సున్నాకు వచ్చి అక్కడే నిలబడితే నీళ్ళు పండినట్టు. మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. మా వాడు కాగితం మీద రాసుకుంటున్నది ఈ లెక్కే.

మన చెరువు లెక్క

చెరువు అద్దాల తొట్టి కాదు. అడుగున మట్టి ఉంటుంది, నీళ్ళలో రంగునిచ్చే ప్లాంక్టన్ ఉంటుంది, ఎండ ఉంటుంది. అమ్మోనియాలో చాలా భాగాన్ని ప్లాంక్టనే తినేస్తుంది. అందుకే మనకు ఇన్నాళ్ళూ ఎలాగో జరిగిపోతోంది. కాని చెరువు మీద పడే బరువు కూడా తొట్టి మీద పడేదానికంటే చాలా ఎక్కువ. ఒక్కసారి లెక్క వేయండి.

రొయ్య మేతలో నూటికి 35 పాళ్ళు మాంసకృత్తులు అనుకుందాం. 100 కిలోల మేతలో 35 కిలోల మాంసకృత్తులు, అందులో దాదాపు 5.6 కిలోల నత్రజని. ఇందులో రొయ్య ఒంటికి పట్టేది పావు వంతు నుంచి మూడో వంతు. మిగిలిన నాలుగు కిలోలూ నీళ్ళలోకి, అడుగులోకి పోతాయి. మీటరు లోతున ఎకరం చెరువులో ఉండేది 40 లక్షల లీటర్ల నీళ్ళు. అంటే ప్రతి 100 కిలోల మేతా లీటరుకు 1 మిల్లీగ్రాము నత్రజని కలుపుతుంది. రెండు టన్నుల మేత వేసేసరికి 20 మిల్లీగ్రాములు కావాలి. అంత ఏ చెరువులోనూ కనబడదు. ఎందుకంటే ప్లాంక్టను, బాక్టీరియా, అడుగు మట్టి కలిసి ఏ రోజుది ఆ రోజు సర్దేస్తున్నాయి. వారం రోజులు మబ్బు పట్టి ప్లాంక్టన్ ఒక్కసారిగా చచ్చిపోతే ఆ భారమంతా బాక్టీరియా మీద పడుతుంది. అప్పటికి ఆ బలగం నిలదొక్కుకుని ఉందా లేదా అన్నదే పంట నిలవడానికీ పోవడానికీ మధ్య తేడా.

నేను పోగొట్టుకున్న పంట

2016 వేసవిలో ఉప్పుటేరు పక్కన రెండెకరాలు లీజుకు తీసుకున్నాను. పక్క చెరువుల వాళ్ళు అప్పటికే పిల్ల వేసేశారు. వెనకబడితే ధర పోతుందని నాకు ఆత్రం. బ్లీచింగ్ చల్లిన ఏడో రోజుకి పిల్ల వదిలేశాను. "ఏం భయం లేదండీ, మంచి బాక్టీరియా డబ్బాలు నాలుగు పోయండి, నీళ్ళు రెడీ అయిపోతాయి" అని దుకాణం తరఫున వచ్చిన కుర్రాడు చెప్పాడు. పోశాను. డబ్బాలు ఖాతాలో రాశారు.

నెల దాటగానే రొయ్య మేత తగ్గించింది. నాకు తెలియక మేత తగ్గించలేదు. చెక్ ట్రేలో మేత మిగులుతున్నా పెరుగుతుందన్న ఆశతో వేశాను. 32వ రోజు తెల్లారేసరికి రొయ్య గట్టు పక్కకు వచ్చేసింది. ఎవరో చెబితే రాళ్ళ సున్నం చల్లాను. ఆ సాయంత్రానికి ఇంకా ఎక్కువ పోయింది. అప్పుడు గాని నీళ్ళు పరీక్షకు పట్టుకెళ్ళలేదు. అమ్మోనియా ఉంది, పీహెచ్ 9కి దగ్గరగా ఉంది.

అప్పుడు అర్థమైంది నేను చేసిన తప్పు. అమ్మోనియా మొత్తం విషం కాదు. పీహెచ్ 8 ఉన్నప్పుడు మన వేసవి నీళ్ళలో నూటికి ఆరు పాళ్ళ వరకు విషరూపంలో ఉంటుంది. అదే పీహెచ్ 9 అయితే నలభై పాళ్ళ దాకా పోతుంది. అమ్మోనియా ఉన్న నీళ్ళలో రాళ్ళ సున్నం చల్లి పీహెచ్ పెంచడమంటే, ఉన్న విషానికి మనమే పదును పెట్టడం. ఆ తప్పు మీరు చేయకండి.

ఖాళీ మడిలో ముందు మొలిచేది కలుపే

బ్లీచింగ్ తప్పని నేను అనడం లేదు. 1994, 95 ప్రాంతాల్లో తెల్లమచ్చ రోగం టైగర్ రొయ్యను తుడిచిపెట్టిన సంగతి మన తీరంలో ఎవరూ మరచిపోలేదు. 2009లో వనామీకి అనుమతి వచ్చాక కూడా వైరస్ భయం పోలేదు. నీళ్ళను శుద్ధి చేయవలసిందే. లీటరుకు 60 మిల్లీగ్రాముల లెక్కన చల్లితే మీటరు లోతు ఎకరానికి 240 కిలోల బ్లీచింగ్ పడుతుంది. అంత పోశాక ఆ నీళ్ళలో చెడ్డవీ మంచివీ చాలా వరకు చచ్చిపోతాయి.

తరువాత జరిగేది రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. దమ్ము చేసి, నీరు పెట్టి, నాట్లు వేయకుండా మడిని వదిలేస్తే ముందు మొలిచేది వరి కాదు, ఊద, తుంగ. నీళ్ళలోనూ అంతే. ఖాళీ అయిన నీళ్ళను ముందు ఆక్రమించేది తొందరగా పెరిగే జాతులు. రోగాలు తెచ్చే విబ్రియో జాతి అలాంటిది. అనుకూలంగా ఉంటే అరగంటలోపే ఒకటి రెండవుతుంది. అమ్మోనియాను తినే మంచి బాక్టీరియా ఒకటి రెండవటానికి పూట నుంచి రోజు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. పోటీ మొదట్లో ఎవరిదో చూడండి. ఏడో రోజుకి పిల్ల వదిలితే ఆ లేత పిల్ల పడేది ఊద మొలిచిన మడిలోనే.

కొంత గడువిస్తే పరిస్థితి మారుతుంది. తొందర జాతులు తినగలిగినంత తిని తగ్గుతాయి. ప్లాంక్టన్ కుదురుతుంది. నిదానంగా పెరిగే జాతులు మట్టికి, గట్టుకు, ఏరేటరు దిమ్మలకు పట్టుకుని నిలబడతాయి. అవి నీళ్ళలో తేలడం కంటే ఏదో ఒకదాన్ని అంటిపెట్టుకుని బతకడానికే ఇష్టపడతాయి. ప్లాస్టిక్ షీటు పరిచిన చెరువులో మట్టి ఆసరా లేదు కాబట్టి అక్కడ ఇంకా ఎక్కువ ఆగాలి.

డబ్బాలో ఉన్నదెంత?

ఇప్పుడు డబ్బాల సంగతి. మంచి రకం పొడిలో గ్రాముకు 100 కోట్ల బాక్టీరియా ఉంటాయని రాసి ఉంటుంది. నిజమే అనుకుందాం. కిలో డబ్బాలో లక్ష కోట్లు. వినడానికి చాలా పెద్ద సంఖ్య. దాన్ని 40 లక్షల లీటర్లకు పంచండి. ఒక మిల్లీలీటరుకు వచ్చేది 250. మామూలు చెరువు నీళ్ళలో మిల్లీలీటరుకు ఉండే బాక్టీరియా పది లక్షల లెక్కలో ఉంటుంది. పది లక్షల మంది ఉన్న తిరనాళ్ళలోకి 250 మందిని పంపితే ఏమవుతుందో డబ్బా పోస్తే అదే అవుతుంది.

రెండో సంగతి. పొడిగా అమ్మే వాటిలో చాలా వరకు బాసిల్లస్ జాతి ఉంటుంది. అది గింజలాంటి రూపంలో నిద్రపోగలదు కాబట్టి పొడి చేసి నెలల తరబడి నిలవ ఉంచవచ్చు. అడుగున చేరిన మేత, మలం కుళ్ళబెట్టడానికి పనికొస్తుంది. దాన్ని కాదనను. కాని అమ్మోనియాను నైట్రేటుగా మార్చే అసలు జాతులకు ఆ నిద్ర తెలియదు. అవి తడిలోనే బతకాలి. అవి ఉన్నాయని ఎండలో పెట్టిన అట్టపెట్టెలోని పొడిని ఎవరైనా చూపిస్తే నమ్మకండి. ద్రవరూపంలో, చల్లగా ఉంచి, తేదీ దాటకుండా అమ్మే రకమైతే కొంత అర్థం ఉంది. అదీ తోడు లాంటిదే. పాలు కాగుతుండగా తోడు వేస్తే విరిగిపోతాయి గాని పెరుగు కాదు. బ్లీచింగ్ ఘాటు పోని నీళ్ళలో ఏ డబ్బా పోసినా అంతే. గోరువెచ్చని పాలలో తోడు వేసినా రాత్రంతా ఆగాలి గదా. ఆ ఆగటం మాత్రం ఏ దుకాణంలోనూ దొరకదు.

జియోలైట్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మంచినీళ్ళలో అమ్మోనియాను అది కొంత పట్టుకుంటుంది. ఉప్పునీళ్ళలో సోడియం ముందే దాని చోటు ఆక్రమిస్తుంది కాబట్టి ఆ పని బహు స్వల్పం. బస్తాలకు బస్తాలు చల్లే ముందు ఈ మాట గుర్తుంచుకోండి.

అద్దాల తొట్టి వాళ్ళు చేసే ఒక పని మాత్రం మనం చేయకూడదు. వాళ్ళు పాత తొట్టిలోని రాళ్ళు, ఇసుక తెచ్చి కొత్త తొట్టిలో వేస్తారు. అలా బాక్టీరియా తొందరగా కుదురుతుంది. ఆ తెలివితో పక్క రైతు చెరువు నీళ్ళో, మట్టో తెచ్చి పోశామంటే, మంచితో పాటు తెల్లమచ్చ వైరసు, ఇ.హెచ్.పి. బీజాలు కూడా మన చెరువులోకి తెచ్చుకున్నట్టే.

మరి ఏం చేయాలి?

బ్లీచింగ్ చల్లాక ఏరేటర్లు తిప్పండి. ఘాటు పోయిందో లేదో వాసనతో కాదు, క్లోరిన్ కిట్‌తో చూడండి. పోయాక తవుడు, బెల్లం పులియబెట్టిన నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ రంగు తెప్పించండి. ఒకేసారి ఎక్కువ బెల్లం పోస్తే రాత్రి పూట ప్రాణవాయువు పడిపోతుంది. ఏరేటర్లు లేని చెరువులో ఈ పని జాగ్రత్త.

క్లోరిన్ పూర్తిగా పోయాక కనీసం రెండు వారాలు, వీలైతే మూడు వారాలు పిల్ల వదలకండి. ఈలోగా తెల్లవారుజామున ఒకసారి, మూడు నాలుగు గంటల ప్రాంతంలో ఒకసారి పీహెచ్ చూసి రాసుకోండి. రెంటికీ తేడా అర పాయింటు లోపు ఉండి, నాలుగైదు రోజులు రంగు మారకుండా నిలబడితే నీళ్ళు దారికి వచ్చినట్టు. అమ్మోనియా, నైట్రైటు పరీక్షలు మధ్యాహ్నం తరువాత చేయండి. విషం ఎక్కువగా ఉండేది అప్పుడే.

ఈ బాక్టీరియాకు ప్రాణవాయువు, క్షారత రెండూ తిండి లాంటివే. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని మార్చడానికి దాదాపు నాలుగున్నర గ్రాముల ప్రాణవాయువు, ఏడు గ్రాముల క్షారత ఖర్చవుతుంది. క్షారత 100 కంటే దిగితే పని మందగిస్తుంది. డోలమైటో, వ్యవసాయ సున్నమో వాడి సరిచేసుకోండి.

పిల్ల తెచ్చే ముందు ఆ నీళ్ళలో చిన్న వలసంచి కట్టి వంద పిల్లను రెండు రోజులు ఉంచి చూడండి. వాటిలో పది పోయినా అక్కడితో ఆగి కారణం వెతకండి. పిల్ల వేశాక మొదటి నెల మేత చేతిని బిగపట్టుకోండి. బాక్టీరియా బలగం మేతతో పాటు పెరుగుతుంది. బలగం కంటే ముందు మేత పెరిగితే విషం పెరుగుతుంది. రోగమని యాంటీబయాటిక్ చేతికి తీసుకోకండి. అది మంచి జాతులనూ చంపుతుంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటివి నిషేధించిన మందులు. వాటి ఆనవాలు దొరికితే సరుకు వెనక్కి వస్తుంది.

"లీజు నడుస్తుంటే ఎలా ఆగమంటారు?"

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఖాళీ నీళ్ళు చూస్తూ కూర్చుంటే లీజు, కరెంటు బిల్లు ఆగవు. ఐదెకరాలకు పైబడిన వాడికి ఇబ్బంది లేదు. ఎకరం వాడికి మూడు వారాలంటే మూడు వారాల వడ్డీ.

నా జవాబు ఇది. మూడు వారాల ఖర్చు ఒక కాగితం మీద వేయండి. 32వ రోజున పంట పోతే పిల్ల ఖరీదు, అప్పటిదాకా వేసిన మేత, డబ్బాలు, డీజిలు, మళ్ళీ బ్లీచింగు, మళ్ళీ పిల్ల మరో కాగితం మీద వేయండి. రెండూ పక్కపక్కన పెట్టి మీరే చూడండి. నేను ఆ రెండో కాగితం తీర్చడానికి రెండేళ్ళు పట్టింది. మరుసటి పంటకు అదే చెరువులో మూడు వారాలు ఆగి, పిల్ల తక్కువ వేశాను. గొప్ప లాభం రాలేదు గాని అప్పు పెరగలేదు. చిన్న రైతుకు అది తక్కువ సంగతి కాదు.

అయితే భారమంతా రైతు ఓపిక మీదే వేయడం నాకిష్టం లేదు. చెరువు యజమానులు లీజు లెక్కను నీళ్ళు పెట్టిన రోజు నుంచి కాక పిల్ల వదిలిన రోజు నుంచి మొదలుపెట్టవచ్చు. పంట పోతే లీజు బకాయి పడేది వాళ్ళకే కాబట్టి ఇది వాళ్ళ మేలు కోసం కూడా. మేత అప్పిచ్చే దుకాణాలు డబ్బాను సులభంగా ఖాతాలో రాస్తాయి గాని నీటి పరీక్షను రాయవు. పదిమంది రైతులు కలిసి అమ్మోనియా, నైట్రైటు, క్షారత, క్లోరిన్ కిట్లు ఒక సెట్టు కొనుక్కుంటే, ఒక పంటకు ఒక్కో రైతు డబ్బాల మీద పెట్టే ఖర్చులో చిన్న భాగంతో అయిపోతుంది. ఊళ్ళో డిగ్రీ చదువుకున్న ఒక పిల్ల చేతికి ఆ కిట్లు ఇస్తే వారానికి రెండుసార్లు అందరి చెరువులూ చూసి రాసిపెడుతుంది. అలాగే డబ్బా మీద ఏ జాతి, ఎంత సంఖ్య, ఏ తేదీ వరకు బతుకుతుంది అన్నది తెలుగులో రాయించి, నిజమో కాదో పరీక్షించే ఏర్పాటు మండల స్థాయిలో ఉండాలని మత్స్యశాఖను గట్టిగా అడగాలి. ఎరువుకు, విత్తనానికి ఆ తనిఖీ ఉన్నప్పుడు చెరువులో పోసే దానికి ఎందుకు ఉండకూడదు?

మొన్న మా మేనల్లుడు ఫోను చేశాడు. నైట్రైటు సున్నాకు వచ్చి వారం నిలబడిందట, రెండు చేపలు తెచ్చి వేశాడట. "మిగతావి ఎప్పుడురా?" అంటే, "వీటి బరువు నీళ్ళకు అలవాటు పడ్డాక" అన్నాడు. ఈసారి మీ చెరువుకు బ్లీచింగ్ చల్లిన రోజు గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. కిట్‌లో క్లోరిన్ సున్నా అని తేలిన రోజున ఇంకో గుర్తు పెట్టి, అక్కడినుంచి మూడు వారాలు లెక్కపెట్టండి. హేచరీకి అడ్వాన్సు ఆ తరువాతే కట్టండి.